ఎడమచెయ్యి చాపించిన తల్లులు

సూక్ష్మదర్శిని పాడైపోయిందనుకుంది మందాకిని. అద్దం తుడిచి, గాజుపలక మార్చి, మళ్ళీ చూసింది. నాలుగేళ్ళ లింబనీ రక్తంలో ఎర్రకణాలు గుండ్రంగా లేవు. కొడవళ్ళలా వంగిపోయి, ఒకదానికొకటి చిక్కుకుని కుప్పలుగా పడి ఉన్నాయి. పక్కగదిలో వాడు ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతున్నాడు. వాళ్ళమ్మ తియమికె తెల్లవారుతూనే వాణ్ణి వీపున కట్టుకుని మూడు మైళ్ళు నడిచి ఆరోగ్య కేంద్రానికి తెచ్చింది. కాళ్ళు ముట్టుకోబోతే వణికిపోతున్నాడు.

"ఏటండి, అలగుండిపోనారు?" అన్నాడు పైడిరాజు. ఆరేళ్ళ కిందట విజయనగరం నుంచి ఆమె వెంట మలావి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ అతను. మాట్లాడకుండా ఉండటం అతనికి చేతకాదు. ఆమెకు మాట్లాడటం అంతగా చేతకాదు. అందుకే ఇద్దరికీ కుదిరింది.

"వీడి తల్లిదండ్రుల పరీక్ష తీసి చూడు."

"ఇందాకే సూసేనండి. ఇద్దరిదీ సుబ్బరంగా ఉంది. మన సేతుల్తో రాసుకున్నదే."

"అయితే ఇది జరగడానికి వీల్లేదు."

"జరిగింది కదండీ మరి."

అతనన్నది నిజం. మందాకిని కుర్చీలో కూలబడింది.

అక్కడి సరస్సు చెరువులాంటిది కాదు. ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనిపించని సముద్రమంత సరస్సు. దాని ఒడ్డున చింబేటా, ఆ పక్కన మరో రెండు ఊళ్ళు. మగవాళ్ళు చేపలు పడతారు, ఆడవాళ్ళు ఎండబెట్టి అమ్ముతారు. వానలు మొదలైతే మలేరియా వస్తుంది. ఈ మూడూళ్ళలో ఏటా ఇరవైమందికి తక్కువ కాకుండా పిల్లల్ని అది తీసుకుపోయేది. దోమతెరలు, మాత్రలు, మందు చల్లడం, అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నా ఆ ఇరవైమందీ పోతూనే ఉన్నారు.

మందాకిని కనిపెట్టిన మందు పేరు కవచం. అందులో ఉన్న ఊహ చెబితే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. కొడవలి కణాల జబ్బు తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా వస్తేనే పట్టుకుంటుంది. ఒక్క వాటాయే వచ్చినవాడికి జబ్బు రాదు సరికదా, మలేరియా క్రిమి వాడి రక్తంలో బతకలేక చస్తుంది. అలాంటివాళ్ళు ఈ ఊళ్ళలో పదిమందిలో ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్ళకు ఆ ఒక్క వాటాను ఆర్నెల్లపాటు అరువిస్తే? ఒక సూదిమందు, వానాకాలమంతా ధీమా. కిందటేడు పెద్దవాళ్ళకు వేసి చూశారు. ఒక్కరంటే ఒక్కరు పోలేదు. ఈ ఏడు పిల్లల వంతు వచ్చింది.

చిక్కు ఒక్కటే. పుట్టుకతోనే ఒక వాటా ఉన్న పిల్లకు ఈ మందు వేస్తే సొంత వాటా, అరువు వాటా రెండూ కలుస్తాయి. జబ్బు లేని పిల్లకు మనమే చేతులారా జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది. అందుకని మందు వేసేముందు ప్రతి ఒక్కరికీ వేలు పొడిచి, పట్టీ మీద రక్తపు చుక్క వేసి చూడాలి. ఆ పట్టీలు ఖరీదు, ఎప్పుడూ చాలవు. పైగా పిల్లలు సూది చూసి గుక్కపెట్టి ఏడిస్తే, మందు కూడా వద్దని తల్లులు లేచిపోయేవారు.

అప్పుడు మందాకినికి ఆ లెక్క తట్టింది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వాటా లేకపోతే బిడ్డకు ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్దవాళ్ళిద్దరినీ పరీక్షిస్తే ఇంట్లో అయిదుగురు పిల్లల వేళ్ళు పొడవక్కర్లేదు. పెద్దవాళ్ళలో ఎవరికైనా వాటా ఉన్న ఇళ్ళలో మాత్రం పిల్లల్ని ఒక్కొక్కరినే పరీక్షించారు. ఆ పద్ధతి గురించి ఆమె ఒక సభలో చెప్పినప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లంటే ఆమెకు చాలా ఇష్టంగా ఉండేది. ఒంటరిగా ఉన్నప్పుడు తలుచుకుని నవ్వుకునేది కూడా.

పెద్దవాళ్ళ పరీక్షలతోనే సరిపెట్టేసిన పిల్లలు నాలుగు వందల పన్నెండుమంది. వాళ్ళందరికీ కిందటి గురువారం ఒకేరోజు మందు వేశారు. ఈ రోజు బుధవారం.

నర్సు చిసోమో లింబనీకి సెలైన్ పెట్టి, విరుగుడు మందు ఎక్కించి వచ్చింది. చింబేటాలోనే పుట్టి పెరిగిన మనిషి. మందాకిని ఆరేళ్ళుగా ఈ ఊళ్ళలో నిలబడగలిగిందంటే చిసోమో చలవే. మొదట్లో ఈ మందంటే ఊరు ఊరంతా బెదిరింది. అప్పుడు చిసోమో తన తొమ్మిదేళ్ళ కూతురు అలినాఫెను చర్చి ముందు అందరి ఎదుటా కూర్చోబెట్టి మొదటి సూది వేయించింది. మూడు వారాలు ఆ పిల్ల చెంగుచెంగున తిరగడం చూశాకే మిగతా తల్లులు కదిలారు.

"వీడికి నిన్న జలుబు చేసి జ్వరం తగిలిందట. అందుకే ఇంత తొందరగా కణాలు వంగాయి" అంది మందాకిని. "బతుకుతాడు. కానీ ఎలా వంగాయి? తియమికెని అడిగాను, నేలకేసి చూస్తూ కూర్చుంది."

చిసోమో తలుపు దగ్గరగా వేసింది. "ఆవిడ చెప్పదు డాక్టర్. చెప్పకూడదు. లింబనీ ఆవిడ కన్న బిడ్డ కాదు. చెల్లెలి బిడ్డ."

"చెల్లెలెక్కడ?"

"కాన్పులో పోయింది. మా దగ్గర తల్లి పోతే ఆవిడ అక్కో చెల్లో బిడ్డను తీసుకుంటుంది. సరస్సులో స్నానం చేయించి ఇంట్లోకి తెచ్చుకుంటుంది. ఆ రోజు నుంచి పోయినావిడ పేరు ఆ బిడ్డ ముందు ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆవిడ విని, బిడ్డను తీసుకుపోవడానికి వస్తుందంటారు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మీరు తల్లి ఎవరని అడిగారు, తియమికె తనేనంది. అబద్ధమని ఆవిడ అనుకోలేదు."

మందాకినికి తన ఇల్లు గుర్తొచ్చింది. విజయనగరంలో తను పుట్టిన ఇంట్లోనే అలాంటి పిల్ల ఉంది. ఆమె పెద్దక్క నిజానికి పెద్దమ్మ కూతురు. ఆ సంగతి మందాకినికి ఇరవయ్యో ఏట, అదీ పొరపాటున తెలిసింది. తెలిసీ ఏమీ మారలేదు, అక్క అక్కే. అలాంటి ఇంట్లోంచి వచ్చి, ఇలాంటి ఊళ్ళో కూర్చుని, తల్లి అంటే కన్నదే అని లెక్క వేసింది. ఇంకెవరైనా చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. తనకేం వచ్చింది?

"ఇలాంటి పిల్లలు మూడూళ్ళలో ఎంతమంది ఉంటారు?"

"నలభై ఉండొచ్చు, యాభై ఉండొచ్చు. నాకు తెలిసినవాళ్ళు కొందరే. మిగతా రెండూళ్ళ సంగతి నాకు తెలీదు." చిసోమో గొంతు తగ్గించింది. "ఇంకో సంగతి కూడా ఉంది డాక్టర్. తల్లి అసలు తల్లే అయినా, తండ్రి విషయంలో మీరు రాసుకున్న పేరు సరైనది కాకపోవచ్చు. అలాంటి ఇళ్ళు కూడా ఉంటాయి. ఎక్కడైనా ఉంటాయి."

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "మా ఊళ్ళో ఐతే ఈ లెక్క మొదటి ఈదిలోనే తేలిపోనండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను కూడా నవ్వించాలని అనలేదు.

మందాకిని బల్ల మీదున్న కాగితం తీసుకుని వేళలు రాసింది. విరుగుడు పనిచేయాలంటే మందు వేసిన ఏడురోజుల్లోపు పడాలి. ఏడురోజులు దాటితే అరువు వాటా ఎముక మూలుగలో కుదురుకుంటుంది, ఇక ఆర్నెల్లదాకా దాన్ని కదిలించలేరు. కణాలు వంగేదాకా సూక్ష్మదర్శినికి ఏమీ తెలియదు. పుట్టుకతో వచ్చిన వాటాను పట్టుకునేవి పట్టీలొక్కటే. పట్టీలు ఒక్క పెట్టె మిగిలింది, అందులో అరవై. విరుగుడు ముప్పై సీసాలు. రాజధాని నుంచి ఇంకా తెప్పిద్దామంటే నది మీద వంతెన కొట్టుకుపోయి మూడు రోజులైంది, మరో నాలుగు రోజులకు గాని బండి రాదు. గురువారం పొద్దున మొదలైన గడువు రేపు పొద్దుటికి అయిపోతుంది. అంటే ఈ రోజు పొద్దుగూకేలోగా తేలాలి.

"నాలుగు వందల పన్నెండుమందిలో అరవైమందిని ఏరాలి" అంది. "ఆ అరవైమందీ ఎవరో వాళ్ళ తల్లులకే తెలుసు. వాళ్ళేమో నోరు విప్పరు. చర్చి దగ్గర మైకులో చెప్పేద్దాం. ప్రాణం కంటే ఎక్కువా?"

"చెప్పండి" అంది చిసోమో. "వింటారు. ఇళ్ళకు పోతారు. పిల్లలు వినేలా ఆ మాట ఎత్తినందుకు రేపట్నుంచి మీ మొహం చూడరు. ఒక్కరూ రారు."

"మరేటి సేద్దుం?" అన్నాడు పైడిరాజు.

చిసోమో కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్రలేదేమో అనుకుంది మందాకిని. తరువాత చిసోమో మెల్లగా, లెక్క అప్పచెబుతున్నట్టు చెప్పుకొచ్చింది.

"అందర్నీ రమ్మందాం. నాలుగు వందల పన్నెండుమందినీ. సూది మందు తర్వాత చూసే మామూలు పరీక్ష అందాం. ఒక్కో తల్లీ ఒక్కో బిడ్డతో తెర వెనక్కి వస్తుంది. అందరి వేలూ పొడుస్తాం. నేను ఇప్పుడు వెళ్ళి బోరింగు దగ్గర పదిమంది ఆడవాళ్ళకు చెబుతాను, వాళ్ళు మరో పదిమందికి. పుస్తకంలో రాయించిన ఇద్దరి రక్తమే అయితే బిడ్డ కుడిచెయ్యి ముందుకు పెట్టండి. కాకపోతే ఎడమచెయ్యి పెట్టండి. ఎందుకు కాదో ఎవరూ అడగరు. అక్కబిడ్డ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. మాట్లాడాల్సిన పనిలేదు, రాయాల్సిన పనిలేదు. కుడిచెయ్యి అయితే రక్తం దూదితో తుడిచి పంపేస్తాం. ఎడమచెయ్యి అయితే పట్టీ మీద వేస్తాం."

మందాకిని తను రాసిన కాగితం మడిచి పక్కన పెట్టింది. పదిహేనేళ్ళ చదువు ఇచ్చిన లెక్క మనుషుల్ని చూడలేదు. ఈమె అయిదు నిమిషాల్లో చెప్పిన ఉపాయంలో మనుషులు తప్ప ఇంకేమీ లేదు.

"బేగి ఎల్లండి మరి" అన్నాడు పైడిరాజు.

పది గంటలకల్లా చర్చి ఆవరణ నిండిపోయింది. రంగురంగుల చితెంజె గుడ్డల్లో వీపులకు పిల్లల్ని కట్టుకుని ఆడవాళ్ళు వరసల్లో నిలబడ్డారు. పెద్దపిల్లలు చెయ్యి పట్టుకుని నడిచొచ్చారు. వాన రాలేదు గానీ మబ్బు కమ్ముకుని ఉక్కపోస్తోంది. రెండు తెరలు కట్టారు. ఒకదాని వెనక చిసోమో, ఒకదాని వెనక మందాకిని. మధ్యలో బల్ల దగ్గర పైడిరాజు. మూడో ఊరి నుంచి పడవలు రావడం ఆలస్యమైంది. ఎవరికోసం ఎదురుచూడాలో, ఎవర్ని వదిలేయాలో తెలియక మందాకిని తలప్రాణం తోకకొచ్చింది.

మొదటి ఇరవైమందీ కుడిచేతులే పెట్టారు. మందాకిని పొడిచింది, తుడిచింది, పంపించింది. ఇరవై ఒకటో తల్లి చాలా చిన్నపిల్ల, పద్దెనిమిది ఉంటాయేమో. చంకలో ఉన్న రెండేళ్ళవాడి ఎడమచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. పెట్టి మొహం తిప్పుకుంది. మందాకిని వాడి వేలు పొడిచింది. పట్టీ మీద చుక్క వేసి, సంఖ్య రాసి, వెనక్కి అందించింది. పట్టీ తేలడానికి పది నిమిషాలు పడుతుంది.

"ఒక గీతేనండి. పరవాలేదు, గుంటడు బాగున్నాడు" అన్నాడు పైడిరాజు తరువాత, తెలుగులో, ఎవరికీ అర్థం కాకుండా. మంచి కబురైనా చెడ్డ కబురైనా తెలుగులోనే చెప్పుకోవాలని ముందే అనుకున్నారు.

మధ్యాహ్నానికి మొదటి రెండు గీతల పట్టీ వచ్చింది. వెంటనే మరొకటి. ఆ పిల్లల్ని బలం మందు పేరుతో లోపలికి పిలిచి విరుగుడు ఎక్కించారు. చిసోమో ఒక్కసారి కూడా లేవలేదు. మంచినీళ్ళు తాగమంటే తలూపి, తాగకుండానే తరువాతి బిడ్డను పిలిచింది. ఎవరింటి పిల్లో, పేరేమిటో, కిందటి నెల దగ్గు తగ్గిందో లేదో అన్నీ అడుగుతూనే ఉంది. ఆమె గొంతు వింటుంటే ఇది నిజంగా మామూలు పరీక్షేననిపిస్తుంది.

మూడు గంటలప్పుడు, చేపల గంపతోనే వచ్చిన ఒకావిడ మందాకిని దగ్గర ఏడేళ్ళ కొడుకు కుడిచెయ్యి పెట్టింది. మందాకిని పొడిచి, తుడిచి, పంపించింది. ఆవిడ తెర దాటి పది అడుగులు వేసింది. ఆగింది. భర్త చెట్టు కింద నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆవిడ గంప కింద పెట్టి, ఏదో మరిచిపోయినట్టు గబగబా వెనక్కి వచ్చి, వాడి ఎడమచెయ్యి పట్టి బల్ల మీద పెట్టింది. మందాకిని ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. ఇంతకాలం మనుషుల్ని అంత తేలిగ్గా ముట్టుకునే అలవాటు ఆమెకు లేదు.

పది నిమిషాలయ్యాక పైడిరాజు గొంతు వినిపించింది. "రెండు గీతలండి." ఆ పది అడుగులూ పదకొండయి ఉంటే ఏమయ్యేదో అనుకుంది మందాకిని. కుడిచెయ్యి పెట్టి వెళ్ళిపోయినవాళ్ళలో తిరగాల్సి ఉండీ వెనక్కి తిరగని తల్లి ఎవరైనా ఉందేమో. ఆ భయం ఇక ఈ ఆర్నెల్లూ పోదు.

సాయంత్రం అయిదింటికి ఆఖరి పడవ పిల్లలు కూడా అయిపోయారు. ఎడమచేతులు యాభై ఒకటి. రెండు గీతలు ఏడు. ఏడుగురికీ విరుగుడు పడింది. లింబనీ కళ్ళు తెరిచి సంకటి అడిగాడని కబురు వచ్చింది. మందాకిని చర్చి మెట్ల మీద కూర్చుంది. పొద్దున్నుంచి బిగబట్టిన ఊపిరి అప్పటికి వదిలింది. ఏడ్చింది కూడా, ఎవరూ చూడకుండా, కాసేపే.

పైడిరాజు పట్టీల పెట్టెతో వచ్చాడు. "ఒకటి తగ్గిందండి."

"ఏమిటి?"

"అరవైలో యాబై ఒకటి పోతే తొమ్మిది ఉండాల. ఎనిమిదే ఉన్నాయి. నాను మూడుసార్లు సూసేను. వాడేసిన పట్టీలు కూడా సూసేను, సంఖ్యలన్నీ సరిపోనాయి."

"చిసోమో దగ్గర ఒకటి పాడైందేమో."

"నేను తీసుకున్నాను" అంది చిసోమో వెనక నుంచి.

తెరగుడ్డ మడతపెట్టి చేతిలో పట్టుకుని నిలబడింది. ఆమె ఆ గుడ్డను విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"పొద్దున, లింబనీకి విరుగుడు ఎక్కించాక. మీరు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. నాకు సంగతి అప్పటికే అర్థమైంది. ఇంటికి పరుగెత్తి అలినాఫె వేలు పొడిచి తెచ్చుకున్నాను. రెండు గీతలు."

మందాకిని లేచి నిలబడింది. అలినాఫెకు మందు వేసి నాలుగు వారాలైంది. విరుగుడు గడువు దాటి మూడు వారాలు.

"అలినాఫె నీ..."

"మా చెల్లెలి కూతురు. నెలల పిల్లప్పుడు తెచ్చుకున్నాను." చిసోమో గొంతు అప్పటికీ నిదానంగానే ఉంది. "మీరు పుస్తకంలో రాసేటప్పుడు తల్లిదండ్రులెవరని అడిగారు. మా ఇద్దరి పేర్లూ చెప్పాను. దాచాలని చెప్పలేదు డాక్టర్. నమ్మండి. ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. నర్సుని, వాటాల సంగతి ఊరందరికీ నేనే విప్పి చెప్పినదాన్ని. అయినా నా కూతురి దగ్గరికి వచ్చేసరికి నాకు గుర్తు రాలేదు."

"పొద్దున్నే నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు నా దగ్గర కూర్చునేవారు. నేనూ కూర్చునేదాన్ని. ఇద్దరం ఏడ్చేవాళ్ళం. ఈ ఏడుగురికీ ఈ రోజొక్కటే ఉంది. నా కూతురికి ఆ రోజు ఎప్పుడో అయిపోయింది, సాయంత్రం చెప్పినా అంతే."

మందాకిని ఆమెను పట్టుకుంది. ఆ సభలో కొట్టిన చప్పట్లన్నీ ఇప్పుడు తన చెంపల మీద పడుతున్నట్టుంది. "తప్పు నాది" అంది. "నీది కాదు, ఊరిది కాదు. నాది." చిసోమో కాదనలేదు, అవుననలేదు. చేతిలోని తెరగుడ్డను మెట్ల మీద పెట్టింది.

పైడిరాజు మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "గుంట కాడికి ఎల్లండి ముందు" అన్నాడు. "ఇక్కడిదంతా నాను సూసుకుంతాను. ఒగ్గీండి, ఎల్లండి."

దారిలో మందాకిని చెప్పవలసినవి చెప్పింది. ఇంకా అయిదు నెలలు. నీళ్ళు ఎక్కువ తాగించాలి, చలి తగలనివ్వకూడదు, ఈతకు పంపకూడదు, జ్వరం వస్తే గంటలో తన దగ్గరికి తేవాలి. వంతెన కట్టగానే రక్తం తెప్పిస్తుంది. ఈ నెలాఖరుకు విజయనగరం వెళ్ళాల్సిన ప్రయాణం మానుకుంటుంది. అయిదు నెలలు గడిస్తే అరువు వాటా దానంతటదే పోతుంది. అప్పటిదాకా పిల్లను నిలబెట్టుకోవచ్చు. చిసోమో అన్నిటికీ తలూపింది. ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరు చెప్పండి. నా నోటితో మా చెల్లెలి పేరు ఆ పిల్ల ముందు రాదు. ఆ తర్వాత నేను ఆ పిల్లకు ఏమవుతానో నాకు తెలీదు." అని ఇంటి వెనక వంటచావడిలోకి వెళ్ళిపోయింది.

అలినాఫె చూరు కింద చాప మీద కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మందాకినిని చూసి నవ్వి, గుప్పెడు గింజలు తీసి పెట్టింది. మందాకిని పక్కన కూర్చుంది. గింజలు చేతిలో పట్టుకుంది గాని నోట్లో వేసుకోలేకపోయింది.

"అలినాఫే, నీకొక సంగతి చెప్పాలి. నీకు వేసిన మందు నీకు వెయ్యకూడని మందు. నా వల్ల తప్పు జరిగింది. ఎందుకంటే మనకు రక్తం..." ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగింది. "అమ్మకు, నీకు..."

"ఎలిఫా" అంది అలినాఫె మెల్లగా.

మందాకిని ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"నన్ను కన్నావిడ పేరు. అమ్మమ్మ చెప్పింది, అమ్మమ్మ పోయేముందు. నాకప్పుడు ఆరేళ్ళు." ఆ పిల్ల వంటచావడి వైపు ఒకసారి చూసి గొంతు ఇంకా తగ్గించింది. "అమ్మతో అనకండి. అమ్మ మర్చిపోయింది. గుర్తు చేస్తే ఏడుస్తుందని అమ్మమ్మ చెప్పింది. నేను ఎప్పుడూ గుర్తు చెయ్యలేదు."

మూడేళ్ళుగా ఈ పిల్ల ఆ ఇంట్లో తల్లి నిద్ర చెడకుండా నడుస్తున్నట్టు నడుస్తోంది. అవతల తల్లి కూడా అదే పని తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. మధ్యలో తను పుస్తకం పట్టుకుని వచ్చి పేర్లు రాసుకుని వెళ్ళింది.

"మందు వేసిన రోజు నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

అలినాఫె ఆలోచించింది. కోపం లేదు, నెపం వేస్తున్నట్టు కూడా లేదు. లెక్క అడిగితే జవాబు చెబుతున్నట్టు చెప్పింది.

"మీరు అమ్మని అడిగారు. నాన్నని అడిగారు. నన్ను ఏమీ అడగలేదు కదా."

మందాకిని చేతిలోని గింజల్ని చాప మీద పెట్టేసింది. నాలుగు వందల పన్నెండుమంది పిల్లల్లో తను ఎవర్ని ఏమడిగిందో గుర్తు చేసుకోవాలని చూసింది. ఏడవకండి అంది. కదలకండి అంది. పేరు కూడా తల్లులనే అడిగింది. ఆ పిల్లకు దగ్గరగా జరిగి, ఒక చెయ్యి భుజం మీద వేసింది.

"ఇప్పుడు అడుగుతున్నాను. నీకు ఒంట్లో ఎలా ఉంది? ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

అలినాఫె శనక్కాయల చేట పక్కకు జరిపింది. పొద్దున్నుంచీ చాపుకునే ఉన్న కాళ్ళ వైపు చూసుకుని, మోకాళ్ళ కింద చెయ్యి పెట్టింది.

"ఇక్కడ" అంది. "నిన్నటి నుంచి. అమ్మకు ఈ రోజు చాలా పని ఉందని చెప్పలేదు."